పిడికిట్లో తడి

మార్చి 3, సోమవారం

పుంగనూరులో పాత బస్టాండు వెనక సందులో కాపురముండే రామలక్ష్మమ్మ అనే నేను చెప్పి రాయిస్తున్నది. నా పెనిమిటి అంజినప్ప లేడు. నా వయసు ఆధార్ కార్డులో డెబ్బై ఆరని ఉంది. అది వేసినవాడి ఇష్టం, నన్ను కన్నవాళ్ళు రాసిపెట్టింది కాదు. ఇంట్లో నా కొడుకు సురేంద్ర ఉన్నాడు, మదనపల్లెలో ఒక ఆఫీసులో గుమాస్తా, పొద్దున బస్సుకు పోయి దీపాలు పెట్టే వేళకు వస్తాడు. కోడలు రేవతి అంగన్‌వాడీ టీచరు. వాళ్ళ కూతురు మేఘన కుప్పంలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. పుట్టినప్పటి నుంచి దాన్ని పెంచింది నేను. ఇది ఎవరినడిగినా చెబుతారు.

నాకు అక్షరం రాదు. మేడ మీద గదిలో అద్దెకుండే మేరమ్మ రాస్తోంది. ఆమె మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో పసిబిడ్డల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. నా మాటను బడి భాషలోకి దిద్దుకుంటానంది, దిద్దుకోమన్నాను. కానీ ఎవరైనా నోటితో అన్న మాట ఉంటే దాన్ని అన్నట్టే పెట్టమన్నాను. ఎవరికీ చూపించనని ఒట్టు వేయమంటే వాళ్ళ మతంలో ఒట్లు వేయరట. మాటిచ్చింది.

ఇంట్లో ఒక బల్లి కూడా ఉంది. తగువు దాని గురించే.

అది గోడ బల్లి కాదు. జానెడు పొడవు, పసుపు ఒంటి మీద నల్లచుక్కలు, లావు తోక. కన్నార్పుతుంది, గోడలెక్కదు. మేఘన దాన్ని గెకో అంటుంది, మ్యాంగో అని పేరు పెట్టింది. నేను చుక్కి అంటాను. హాస్టల్లో ఉంచుకోనివ్వరు కాబట్టి అది నా గది పక్క గదిలో అద్దాల పెట్టెలో ఉంటుంది. దానికి తిండి పెట్టేది నేను. ఊరి బయట పట్టుపురుగుల షెడ్డుకు పోయి పురుగులు అడిగి తెచ్చేది నేను.

జనవరి చివర అది రెండు గుడ్లు పెట్టింది. మేఘన వాటిని మూతున్న చిన్న డబ్బాలో తడి పొట్టు పరిచి పెట్టి, దాన్ని థర్మోకోల్ పెట్టెలో ఉంచి, ఎవరూ తాకొద్దని చెప్పి కాలేజీకి పోయింది. నేను ఇరవై ఏళ్ళు టమోటా నర్సరీలో ట్రేలు నింపినదాన్ని. పొద్దున నీళ్ళు చల్లకపోతే మధ్యాహ్నానికి నారు తల వాల్చేస్తుంది. నేను పొదగేసిన కోళ్ళకు లెక్క లేదు. కోడి తన గుడ్లను ముక్కుతో తిప్పుకుంటూనే ఉంటుంది, తిప్పకపోతే పిల్ల పెంకుకు అంటుకుపోతుంది. ఈ బల్లికి ఆ బుద్ధి లేదు, గుడ్డు పెట్టి వెనక్కి తిరిగి చూడలేదు. కాబట్టి నేను రోజూ పొద్దున ఆ పొట్టు మీద నీళ్ళు చల్లాను, గుడ్లను తిప్పాను. రోజూ. ఒక్క రోజు తప్పలేదు.

నిన్న మేఘన వచ్చి మూత తీసింది. గుడ్లు రెండూ బూజు పట్టి, పాచిపోయిన ఇడ్లీల్లాగా కుంగిపోయి ఉన్నాయి. అది ఏడవలేదు. డబ్బా నా ముందు పెట్టింది.

"చంపేసినావు జేజీ," అంది.

అన్నం తినలేదు. సాయంత్రం బస్సుకు కుప్పం పోయింది. నేను సందు చివర దాకా వెనకే పోయాను. తిరిగి చూడలేదు.

ఇదీ నా కేసు. నేను కావాలని చేయలేదు, తెలియక కూడా చేయలేదు. తెలిసే చేశాను. నాకు తెలిసినట్టు చేశాను. అది తప్పయితే నా డెబ్బై ఏళ్ళూ తప్పే. గోడ బల్లి పలికితే సత్యమంటారు. ఈ చుక్కి పలకదు, సాక్ష్యానికి పనికిరాదు. అందుకే కాగితం మీద పెట్టిస్తున్నాను.

మార్చి 5

రేషన్ మిషన్ మీద నా వేలు ఈసారీ పడలేదు. గీతలు అరిగిపోయాయట. ట్రేలు నింపి నింపి అరిగినవి, నేనేం చేయను. రేవతి వేలు పెట్టి తెచ్చుకుంది.

మేఘన ఫోన్ చేయలేదు. చేయకపోతే నాకేం.

మార్చి 9, ఆదివారం

మేఘన ఫోన్ చేసింది, నాకు కాదు, మేరమ్మకు. మేరమ్మ చెవి మందం, ఫోను స్పీకర్లో పెట్టుకుంటుంది. నేను మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతున్నాను, కాబట్టి వినపడింది. వినాలని కాదు.

చుక్కి కడుపు చూసి చెప్పమంది. మేరమ్మ ఎన్ని వందల మంది పసిగుడ్లను చేతుల్లోకి తీసుకుందో, అయినా బల్లంటే గడగడలాడుతుంది. గది గుమ్మం దగ్గర నిలబడి నన్ను చూడమంది. నేను చుక్కిని అరచేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టాను. పొట్ట చర్మం కింద తెల్లగా రెండు, పెద్ద చిక్కుడు గింజల్లాగా కనిపిస్తున్నాయి. చెప్పాను. మేరమ్మ ఫోనులో చెప్పింది.

మేఘన అసలు సంగతి చెప్పింది. చుక్కికి జతగా తెచ్చిన మగది పోయిన కార్తీకంలో చచ్చిపోయింది కదా, అది పోకముందు కలిసిన చలవతోనే చుక్కి ఇన్నాళ్ళూ గుడ్లు పెడుతోందట. ఇక ఉండవు, ఇవే ఆఖరు. తనకు పరీక్షలు మొదలవుతాయి, మే దాకా రావడం కుదరదు. నాన్నను అడిగితే, ఈ బల్లుల గోల చాలు, ఈసారి ఎవరికైనా ఇచ్చేయమన్నాడట. రేవతి ఆ గదిలోకి పోతే స్నానం చేస్తుంది.

"మేరమ్మవ్వా, నువ్వే చూసుకోవాల," అంది మేఘన. "జేజిని ఆ రూములోకి పోనీయొద్దు."

"నేను ఈడనే ఉండానని చెప్పు," అన్నాను మేరమ్మతో.

"ఉండాదని నాకు తెలుసు," అంది ఫోను.

మేరమ్మ గొంతు సవరించుకుని, "నాయనా, నేను దాన్ని తాకలేనమ్మా. ఆ గుడ్లు తీయాలంటే మీ జేజి చేతులే గతి," అని నిజం చెప్పేసింది. అటు ఫోను పెట్టేసిన చప్పుడు.

పెట్టేస్తే పెట్టేసింది. నాకేం.

మార్చి 11

మేఘన మేరమ్మకు మళ్ళీ చేసింది. పోయినసారి వాడిన పొట్టు పనికిరాదట, బూజు తగిలిందట. కొత్తది కావాలట. పేరు ఇంగ్లీషులో చెప్పింది, మేరమ్మ మూడుసార్లు పలికించుకుంది. నేను విని నవ్వుకున్నాను. నర్సరీలో ట్రే గుంటల్లో టమోటా విత్తనం వేసి పైన కప్పే మెరిసే పొట్టు అది. అభ్రకం రేకుల్లాగా ఉంటుంది, చేతిలో పోస్తే బరువే ఉండదు. దాన్ని నేను ఇరవై ఏళ్ళు గంపలతో మోశాను.

సురేంద్రను మదనపల్లె నుంచి తెమ్మంటే నా వైపు చూడకుండా చెప్పులేసుకుని పోయాడు.

మార్చి 12, బుధవారం

నేనే పోయాను. మదనపల్లెలో బస్సు దిగి షేర్ ఆటో ఎక్కి నర్సరీ దగ్గర దిగాను. నేను పనిచేసిన కాలం నాటి యజమాని లేడు, కొడుకు ధనుంజయ చూసుకుంటున్నాడు. వలల షెడ్లు రెట్టింపయ్యాయి. లోపల ఆడవాళ్ళు వరసగా కూర్చుని ట్రేలు నింపుతున్నారు. ఒకామె పిడికెడు కొబ్బరిపొట్టు పిండి తడి చూస్తోంది. వేళ్ళ సందుల్లోంచి రెండు చుక్కలు రాలాలి, అదే మా కొలత. నా చేయి దానంతటదే ముడుచుకుంది.

ధనుంజయ కుర్చీ వేయించాడు. "ఏమవ్వా, ఈ వయసులో నారు పెడతాండావా?" అన్నాడు.

"లేదప్పా. బల్లికి పురుడు పోస్తాండా."

వాడు ఎగతాళనుకుని నవ్వాడు. చెప్పాక నవ్వు ఆపి, మందు కలపని మూట వెతికించి, నా గుడ్డసంచి నిండా పోయించాడు. పోతుంటే వెనక నుంచి, పిల్ల పుడితే చెప్పి పంపు, చక్కెర పంచుదామని అరిచాడు. ట్రేల దగ్గర ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజులకు.

మార్చి 13

ఈ రోజు పొట్టు తడపడమయింది. రాయించవలసింది చాలా ఉంది.

వీడియో ఫోను గుమ్మం దగ్గర మేరమ్మ పట్టుకుంది. నేను గదిలో నేల మీద. మేఘన నాతో మాట్లాడదు, మేరమ్మతో చెబుతుంది, నేను మేరమ్మకు బదులు చెబుతాను, ముగ్గురం మూడడుగుల్లోనే ఉన్నట్టు వినపడుతూనే ఉంది. నీళ్ళు కాచి చల్లార్చి పెట్టమంది, పెట్టాను. గిన్నె, చెంచా, డబ్బా వేడినీళ్ళలో కడగమంది, కడిగాను. పొట్టు గిన్నెలో పోసి నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ చేత్తో కలపమంది. కలిపాను. పిండాను. వేళ్ళ సందుల్లోంచి రెండు చుక్కలు రాలాయి. సరిగ్గా.

"ఎక్కువైంది," అంది మేఘన.

సరిగ్గా ఉందని చెప్పమన్నాను మేరమ్మకు. నారుకైతే సరిగ్గా ఉంటుంది, గుడ్డుకు కాదని చెప్పమంది అది. గుడ్డు నీళ్ళు తాగదట, గాలిలో తడిని పెంకుతో పీల్చుకుంటుందట. పొట్టు మునిగితే గుడ్డుకు ఊపిరాడదట. పిండితే చుక్క రాకూడదు, పిడికిలి విప్పితే ముద్దగా నిలవాలి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి.

పొడి పొట్టు కలిపాను. పిండాను. ఒక చుక్క. మళ్ళీ కలిపాను. మళ్ళీ ఒక చుక్క, వచ్చీ రానట్టు. నా మనసు చాలంటున్నా నా చేయి ఒప్పుకోదు. ఇంత పొడిలో ప్రాణమెట్లా నిలుస్తుందని దాని బాధ. నర్సరీలో నారు ఎండిపోతే ఆ రోజు మేస్త్రి ముందర తలెత్తలేం. ఆ భయం ఇంకా వేళ్ళలోనే ఉన్నట్టుంది.

చివరకు చుక్క రాలేదు. ముద్ద నిలిచింది. పొడిస్తే రాలింది. ఫోను వైపు చేయి చాపాను. మేఘన చాలాసేపు చూసింది. డబ్బాలో వేలెడు మందాన పరచమంది, మూతకు కాల్చిన సూదితో రెండు బెజ్జాలు పెట్టమంది, గుడ్డు కూర్చునేంత గుంటలు బొటనవేలితో నొక్కమంది. నొక్కాను. రెండు గుంటలు, పక్కపక్కన.

ఫోను పెట్టాక మేరమ్మ గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది. "నెల తక్కువ బిడ్డల్ని మేం గాజు పెట్టెలో పెడతాం కదక్కా. తల్లులు అవతల నిలబడతారు. పాలు పిండిస్తారు, లోపలికి చేయి పెట్టనీయం. ఒకామె నన్ను కొట్టింది కూడా," అంది.

"మంచి పని చేసింది," అన్నాను.

మార్చి 17, సోమవారం

చుక్కి అద్దాల పెట్టెలోని తన తడి గూట్లో గుడ్లు పెట్టింది. రెండు. తెల్లగా, పొడుగ్గా, మేకతోలులాగా మెత్తగా ఉన్నాయి.

పైకి ఉన్న వైపు పైకే ఉంచి చెంచాతో తీయాలి. తీసే ముందు పైన చుక్క పెట్టుకోవాలట, ఏ వైపు పైదో మరిచిపోకుండా. లోపల పిల్ల పై వైపునే అంటుకుని పెరుగుతుందట. తిప్పితే తన పచ్చసొన కింద తనే మునిగిపోతుందట. ఈ మాట మేఘన మామూలుగానే చెప్పింది. నన్ను పొడవాలని చెప్పలేదు. అందుకే పొడుచుకుంది.

మేరమ్మ చేయి సాగదీసి స్కెచ్ పెన్ను ఇచ్చింది. నా జన్మలో పెన్ను పట్టలేదు. గుడ్డు మీద ఆనీ ఆనకుండా ఒక చుక్క, రెండో దాని మీద ఒక చుక్క. చెంచాతో ఎత్తాను, గుంటల్లో కూర్చోబెట్టాను, మూత పెట్టాను. అప్పుడు చూస్తే చెమటకు రవిక తడిసిపోయి ఉంది.

"అక్కా, నీ సంతకం బాగుండాది," అంది మేరమ్మ.

మార్చి 18

నీళ్ళు పోయలేదు.

మార్చి 19

పోయలేదు. తిప్పలేదు. మూత కూడా తీయలేదు. కూర్చుని చూశాను, అంతే.

మార్చి 23

ఇంట్లో అందరూ నేను ఆ గదిలో ఎక్కువసేపు ఉంటున్నానంటున్నారు. ఫ్యాను ఆ గదిలోదే బాగా తిరుగుతుంది.

మార్చి 30, ఉగాది

పచ్చడి చేశాను. మేఘన రాలేదు. దాని వాటా గిన్నెలో ఉంచి సాయంత్రం నేనే తాగాను. చేదు ఎక్కువైంది, నేనెప్పుడూ అంత వేప్పువ్వు వేయను.

ఏప్రిల్ 6, ఆదివారం

గది చీకటి చేసి మేరమ్మ గుమ్మంలోంచి ఫోను లైటు అందించింది. గుడ్డును కదపకుండా పక్కనుంచి లైటు ఆనించి చూడమని మేఘన చెప్పింది. మొదటి గుడ్డులో ఎర్రటి దారాలు, మామిడాకు ఈనెల్లాగా అల్లుకుని ఉన్నాయి. రెండో దాంట్లో పసుపు తప్ప ఏమీ లేదు. మేరమ్మ అడుగు ముందుకు వేసి చూసింది. మొదటిసారి గుమ్మం దాటింది. ఏసయ్యా అంది.

నేను అన్నం వడ్డిస్తూ ఈ సంగతి సురేంద్రకు చెప్పాను. వాడు తల ఎత్తలేదు కానీ, రెండోది కూడా రావచ్చు కదా అన్నాడు. నువ్వూ ఏడో నెలలోనే పుట్టినావురా, చేటలో పత్తి పరిచి ఎండలో పెట్టి పెంచినా అన్నాను. రేవతి నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

ఏప్రిల్ 19, శనివారం

నిన్న గుడ్ ఫ్రైడే. మేరమ్మ గురువారమే మదనపల్లె చర్చికి పోయింది, ఈ రోజు మధ్యాహ్నం వచ్చింది. సురేంద్ర, రేవతి బైరెడ్డిపల్లెలో వాళ్ళ చుట్టాలింటి శుభకార్యానికి పోయారు. ఇంట్లో నేను, చుక్కి, డబ్బా.

మూడు రోజులుగా ఎండ నిప్పులు కక్కుతోంది, రాళ్ళ మీద నీళ్ళు పోసినవి పోసినట్టే ఆవిరైపోతున్నాయి. నిన్న పొద్దున మూతలోంచి చూస్తే ఎర్రదారాల గుడ్డు ఒక పక్క చొట్టపడి ఉంది, ముసలిదాని బుగ్గలాగా. మూత తీశాను. గుడ్లకు దూరంగా మూల నుంచి చిటికెడు పొట్టు తీసి నలిపాను. పిండిలాగా రాలిపోయింది. పొడి.

మేఘనకు నా చిన్న ఫోను నుంచి చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నా నంబరు చూస్తే ఎత్తదు, నాకు తెలుసు. మేరమ్మ చర్చిలో ఫోను ఆపేసుకుంటుంది. సురేంద్ర ఎత్తి, మేళం మోతలో ఏమీ వినపడక పెట్టేశాడు.

కాచి చల్లార్చిన నీళ్ళ గిన్నె తెచ్చుకుని డబ్బా ముందు కూర్చున్నాను. ఇంకెవరైనా అయితే చెంచాడు పోసి లేచిపోయేవాళ్ళు. ఎండిన దానికి నీళ్ళు పోయాలి, దానికి చదువెందుకు. కానీ పోయినసారి కూడా నేను ఇట్లాగే అనుకున్నాను. ఇట్లాగే, ఇంతే గట్టిగా. చెంచా ఎత్తాను, దించాను. పోస్తే నేను చంపినదాన్ని, పోయకపోతే నేను చంపినదాన్ని. డెబ్బై ఏళ్ళలో నీళ్ళు పోయడానికి నేను భయపడింది లేదు. భయం కాదు అది. ఎండకు కళ్ళు తిరిగాయి.

చివరకు గుడ్ల మీద పడకుండా అంచు వెంట వేళ్ళతో చిలకరించాను. అర చెంచా కూడా ఉండదు. మూత పెట్టేశాను.

సాయంత్రం చూశాను, చొట్ట అట్లాగే ఉంది. ఈ రోజూ అట్లాగే ఉంది. మేరమ్మ వచ్చీ రాగానే మేఘనకు చేద్దామంది. వద్దన్నాను. ఫోనులో చెబితే అది అక్కడ కూర్చుని ఏమనుకుంటుందో నాకు కనిపించదు. పోయినసారి అది వచ్చి మూత తీసేదాకా నేను గమ్మునున్నాను. ఈసారి అది చూసేదాకా ఉండను. నేనే పోయి చెబుతాను.

ఏప్రిల్ 21, సోమవారం

కుప్పం పోయి వచ్చాను.

నీళ్ళు ఎంత పోశావని అది అడిగితే ఏం చెప్పాలి? నాకు లెక్కలు రావు, చేయి ఒక్కటే వచ్చు. అందుకని డబ్బా మూల నుంచి పిడికెడు పొట్టు తీసి చిన్న స్టీలు గిన్నెలో పెట్టుకున్నాను. దారిలో ఆరిపోకుండా మూత చుట్టూ రాగి సంగటి మెత్తాను. మేరమ్మను డబ్బా దగ్గర కాపలా పెట్టాను. గుమ్మం లోపల, కుర్చీ వేసుకుని. కూర్చుంది.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. హాస్టల్ గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నాను. పరీక్ష రాసి ఆడపిల్లలు గుంపుగా వచ్చారు. మేఘన నన్ను చూసి ఆగిపోయింది. చిక్కిపోయింది. నా చేతిలో గిన్నె చూసి పరుగెత్తుకొచ్చింది.

"గుడ్లు తెచ్చినావా? బస్సులో? జేజీ, గుడ్లు తెచ్చినావా?"

"గుడ్లు యాల తెస్తాను? నాకామాత్రం తెలీదా?" అన్నాను. నిలబడే చెప్పేశాను. "ఎర్రదారాల గుడ్డు సొట్టపడింది. శుక్రవారం. నీళ్ళు పోసినా. నిన్నడగల్యా. నువ్వు ఎత్తల్యా. ఈ పిడికెడు సూసి, ఎక్కువ పోసినానో తక్కువ పోసినానో నువ్వే సెప్పు."

దాని స్నేహితురాలు నందిని అనే పిల్ల గిన్నె చూసి సంగటి తెచ్చారా అవ్వా అంది. మేఘన నవ్వలేదు. ఎండిపోయిన సంగటి అంచును గోటితో పెకలించి మూత తీసింది. పొట్టు పిడికిట్లోకి తీసుకుని కళ్ళు మూసుకుని పిండింది. విప్పింది. నిలవలేదు, వేళ్ళ మధ్య నుంచి రాలిపోయింది.

"తక్కువైంది," అంది. "ఇంకా పొయ్యాల్సింది జేజీ. నువ్వు పోస్తే ఇంత తక్కువా? భయపడినావా?"

"నాకెందుకు భయం."

అది నా ముఖంలోకి చూసింది. తర్వాత దాని సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. నా కుడిచేయి పట్టుకుని విప్పి, పొట్టంతా నా అరచేతిలో పోసింది. సీసా మూతతో కొంచెం నీళ్ళు పోసి తన వేళ్ళతో కలిపింది. పిండమంది. పిండాను. ఇంకొంచెం పోసింది. పిండమంది. ముద్ద నిలిచింది, చుక్క రాలేదు.

"ఇదీ తడి. చేతికి తెలుస్తాండాదా? మర్సిపోవాకు."

అక్కడున్నంతసేపూ నా చేతిని వదల్లేదు. పరీక్ష ఎట్లా రాశావంటే బాగానే అంది. అన్నం తిన్నావా అంటే తిన్నానంది, అబద్ధం. మధ్యాహ్నం బస్సెక్కించింది.

పుంగనూరు దాకా పిడికిలి విప్పలేదు. కండక్టర్‌కు ఎడమచేత్తో డబ్బులిస్తే విసుక్కున్నాడు. పక్కనామె చేయి కాలిందా పెద్దమ్మా అనడిగింది. లేదమ్మా, దీంట్లో మా మనవరాలి మాటుంది అని చెబితే పిచ్చిదనుకుంటుంది. అందుకని కాలిందన్నాను.

ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోలేదు. ఒక చేతిలో ఆ తడి, ఇంకో చేత్తో డబ్బా మూల పొట్టు నలుపుతూ, అంచు వెంట చెంచాతో పోశాను. రెండు చేతులకూ ఒకటే అనిపించేదాకా పోశాను. భయపడలేదు.

ఏప్రిల్ 23

చొట్ట పూడింది. మేఘన ఫోన్ చేసింది. నా ఫోనుకు.

ఏప్రిల్ 29

పసుపు గుడ్డు కుళ్ళింది. నేనే మేఘనకు చెప్పాను, చెంచాతో తీసేయమంది. జామచెట్టు కింద పాతిపెట్టాను. గుడ్డు మీద నా చుక్క అట్లాగే ఉంది. ఆ రోజు అర చెంచా పోసి వదలకుండా ఉంటే బతికేదేమోనని అడగాలనుకున్నాను, అడగలేదు. అదే చెప్పింది, "దాంట్లో మొదట్నించీ ఏమీ లేదు జేజీ, నా చేతిలో ఉండినా పోయేదే," అని. నిజమో, నా కోసం అన్నదో. రెండయినా సరే.

మే 4

మేఘన వచ్చింది. అన్నం తినింది.

మే 11, ఆదివారం

ఈ పూట రాసేది మేరమ్మ కాదు, మేఘన. మేరమ్మ ఈ నోటు పుస్తకం పట్టుకుని మెట్లు దిగుతుంటే చూసేసింది. ఇదేందని అడిగితే నా కేసు అన్నాను. ముందు పేజీలు చూడకుండా రాస్తానంటేనే ఇస్తానన్నాను.

"తిప్పనులే జేజీ. తిప్పొద్దని అందరికీ చెప్పింది నేనే కదా," అంది. మాటలు మాత్రం తక్కువ లేవు. ఇది కూడా రాయమన్నాను, రాస్తోంది.

తెల్లవారి గుడ్డుకు చెమట పట్టింది. పైన నా చుక్క పక్కనే చీలింది. చీలికలోంచి పిల్ల ముక్కు బయటపెట్టి చాలాసేపు అట్లాగే ఉండిపోయింది. నా చేయి రెండుసార్లు ముందుకు పోయింది. కోడిపిల్ల అయితే ఈపాటికి గోటితో పెంకు గిల్లి సాయం చేసేదాన్ని. నా చేతుల్ని నేనే చంకల్లో పెట్టుకున్నాను. మేఘన చూసి తన చేతులు కూడా అట్లాగే పెట్టుకుంది. మేరమ్మ మా ఇద్దరి వెనక నిలబడి, మా వార్డు తల్లులు ఇట్లాగే నిలబడేవాళ్ళంది.

వంట వేళకు బయటికొచ్చింది. వేలెడు కూడా లేదు. నలుపూ పసుపూ పట్టీలు, తల్లికి ఒక్క పోలికా లేదు. పెరిగేకొద్దీ పట్టీలే చుక్కలవుతాయని మేఘన అంది. అది పొట్టు మీద నిలబడి కన్నార్పింది. సురేంద్ర గుమ్మంలో నిలబడి, బల్లుల్ని ఇచ్చేసే మాట ఎత్తకుండా, పేరేం పెడతారని అడిగాడు. రేవతి గుమ్మం దాకా వచ్చింది. స్నానం చేసిందో లేదో నేను చూడలేదు.

కేసులో ఇంకా ఒక్క మాట ఉంది. మొదటి రెండు గుడ్లకు నేను నీళ్ళు పోశాను, తిప్పాను. ఆ రెండూ నా చేతిలో పోయాయి. మూడోది ఎవరి చేతిలోనూ కాదు, దానంతటదే పోయింది, అట్లా అని మేఘన చెప్పింది, నేను ఒప్పుకున్నాను. నాలుగోది బతికింది. ఇది రాస్తూ మేఘన పెన్ను ఆపింది. చంపేసినావని తను అన్న మాట కూడా రాయాలా అనడిగింది. అది ముందే రాసి ఉంది, కొట్టేయొద్దు, అన్నట్టే ఉండనీ అన్నాను. ఆ మాట లేకపోతే కుప్పం దాకా పోయేదాన్ని కాదు.

వేలిముద్రకు ఇంట్లో ఇంకు లేదు. పోయి తెస్తానని మేఘన లేచింది, కూర్చోమన్నాను. పిల్లను తీశాక ఖాళీ అయిన డబ్బాలో చేయి పెట్టి, పిడికెడు తడి పొట్టు పిండి, విప్పి, ఆ బొటనవేలినే కాగితం మీద నొక్కాను. ఒక తడి మరక, రెండు మెరిసే రేకులు. గీతలు పడలేదు. ఏ మిషనూ ఒప్పుకోదు.

అది నా వేలిదేనని మేఘన పక్కన రాసింది.

రామలక్ష్మమ్మ వేలిముద్ర

సాక్షులు: మేరమ్మ, మేఘన. చుక్కిని రాయలేదు, పలకదు కాబట్టి.